తెర అంచు ఓడలు

మా తమ్ముడు కరీం కూతురు సానియా సెలవులకి మాచర్ల వచ్చినప్పుడల్లా నాకు ఏదో ఒక వింత చూపించి వెళ్తుంది. ఈసారి నేను వంటింటి గుమ్మంలో కూర్చుని గోంగూర వలుచుకుంటుంటే, లాప్‌టాప్ తెచ్చి నా ముందు పీట మీద పెట్టి, "ఫుప్పూ, ఇది చూడు, నీకు నచ్చుద్ది" అంది. తెర నిండా అంతరిక్ష ఓడల బొమ్మలు. మా చిన్నప్పుడు టీవీలో వచ్చిన ఒక ఇంగ్లీషు సీరియల్‌లోవి. ఆ సీరియల్ నాతోపాటే పెరిగి పెద్దదైంది. నటులు మారారు, సినిమాలు వచ్చాయి, దాని పిల్ల సీరియళ్ళు వచ్చాయి, ఇప్పటికీ ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. అయితే సానియా చూపించినవి హీరో తిరిగే ఓడ బొమ్మలు కావు. హీరో కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుతుంటే అద్దం అవతల నుంచి తమ దారిన తాము వెళ్ళిపోయే, పేరూ ఊరూ లేని ఓడలు. ఒక్కో ఓడ ఏ ఏ భాగాల్లో మళ్ళీ కనిపించింది, ఎక్కడ దాన్ని తలకిందులు చేసి కొత్త ఓడ అనిపించారు, ఎక్కడ రంగు మార్చారు అని దేశదేశాల అభిమానులు కూర్చుని వెతికి పట్టుకున్నారట. "ఎంత ఓపికో చూడు ఫుప్పూ, ఎవురూ చూడని వాటిని చూశారు" అంటూ అది బొమ్మలు జరుపుతోంది.

ఒక బొమ్మ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పీటలాగా చదునుగా, రెండు పక్కలా రెండు గొట్టాలతో, ఎడమ వైపుకి కాస్త ఒరిగి ఉన్న ఓడ.

"నకరికల్లు బండి," అన్నాను.

"ఏంది?" అంది సానియా.

దానికి చెప్పడం మొదలుపెడితే గోంగూర పక్కకి పోయింది, పొయ్యి మీద పప్పు అడుగంటింది, మా ఆయన మధ్యాహ్నం అన్నానికి వచ్చి మమ్మల్ని చూసి పెరుగన్నం కలుపుకున్నాడు. చెప్పింది మా దాదీ గురించి. దానికి చెప్పినదీ, చెప్పకుండా మిగిలినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నరసరావుపేటలో, వినుకొండ వెళ్ళే రోడ్డు పక్కన, మా నాన్నకి లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. కంపెనీ నుంచి ఇంజనూ చక్రాలూ మాత్రమే ఉన్న అస్థిపంజరంలా వచ్చిన లారీకి చెక్కతో క్యాబినూ, వెనక తొట్టీ కట్టి, రంగులేసి, పెళ్ళికూతురిలా రోడ్డెక్కించడం ఆయన పని. షెడ్డు వెనకే మా ఇల్లు. రెండింటికీ మధ్య ఒక గోనెపట్టా తెర. అందుకే మా ఇంట్లో ఏ గదిలో కూర్చున్నా కోసిన టేకు వాసన, రంగుల్లో కలిపే థిన్నర్ వాసన వచ్చేవి. అమ్మీ వండే అన్నంలో కూడా ఒక్కోసారి రంపపు పొట్టు తగిలేది. పెదకూరపాడు నుంచి మిరపకాయల టిక్కీలు, అంటే కుక్కి కట్టిన గోనె బస్తాలు, మోసి మోసి ఒళ్ళంతా కారం పట్టిన లారీ రిపేరుకి వచ్చిందంటే ఇక ఆ వారమంతా ఇంటిల్లిపాదీ తుమ్ములే. పిడుగురాళ్ళ సున్నం లారీ వస్తే చెట్లతో సహా అందరం తెల్లబడేవాళ్ళం. దేనికి ఏ వాసనో, ఏ దుమ్ము ఏ ఊరిదో మాకు బళ్ళో చదువుకంటే ముందు వచ్చింది.

దాదీ ఆ షెడ్డుకి పెద్ద దిక్కు. నాన్నకి తల్లి. పుట్టింది ఈపూరు కమ్మవారి ఇళ్ళ మధ్య కాబట్టి ఇంట్లో అందరిలోకీ తక్కువ ఉర్దూ మాట్లాడేది ఆమే. నమాజు తప్ప మిగతాదంతా తెలుగులోనే, అదీ పొలం గట్టు మీద మాట్లాడినంత గట్టిగా. తెల్ల నూలు చీర, నోట్లో ఎప్పుడూ చిన్న వక్కముక్క. షెడ్డు ముందు రేకుల చూరు కింద ఆమె కుట్టు మిషను ఉండేది. మా నాన్న కట్టిన ప్రతి లారీకీ క్యాబిన్ కర్టెన్లు ఆమె కుట్టాల్సిందే. ఎర్ర సాటిను గుడ్డ, పచ్చ అంచు, కింద వరసగా నూలు కుచ్చులు. డ్రైవర్లు ఆ కర్టెన్ల కోసం ఒక రోజు ఎక్కువైనా ఆగేవాళ్ళు. "ఆయమ్మ కుట్టిన కుచ్చులుంటే బండికి నిండుదనం" అనేవాళ్ళు. దాదీ ఆ మాట విననట్టు వక్క కొరికేది, కానీ ఆ పూట మాకు అటుకులూ బెల్లం దక్కేవి.

ఆమెకి లారీలంటే ఉన్న ఎరుక వేరు. మా తాత లారీ డ్రైవరు. నేను పుట్టకముందే పోయాడు. ఆయన బతికున్న రోజుల్లో దాదీ గుమ్మంలో కూర్చుని రోడ్డు చివర చుక్కలా కనిపించే బండిని చూసి, ఆయనదో కాదో, ఖాళీగా వస్తోందో లోడుతో వస్తోందో చెప్పేసేదట. ఆ అలవాటు తాత పోయాక కూడా పోలేదు. మిషను తొక్కుతూనే రోడ్డు మీద వెళ్ళే బళ్ళని ఓ కంట కనిపెట్టి, "అది వినుకొండోడిది, వెనక టైరు అరిగింది" అనేది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగినదాని మీద మాకు చాలాకాలం అనుమానం రాకపోవడానికి కారణం ఇదే. దూరంగా పోయే బండిని చూడటం దాదీకి ఊపిరి పీల్చినంత సహజం అనుకున్నాం.

ఆ రోజుల్లోనే మా ఇంటికి టీవీ వచ్చింది. బంధువులెవరో రంగుల టీవీ కొనుక్కుంటూ ఇచ్చిన పాత నలుపు తెలుపు పెట్టె. చెక్క తలుపులుండేవి దానికి. నాన్న ఆ తలుపులకి లారీకి వేసే నీలం రంగు వేశాడు. ఆదివారం పొద్దున నాన్న మాంసం తెచ్చి అమ్మీకి ఇచ్చి, షెడ్డు తలుపు సగం దించి, గోనెపట్టా తెర పైకెత్తి కట్టేవాడు. రోట్లో అల్లం వెల్లుల్లి నూరుతున్న చప్పుడు మధ్య ఆ సీరియల్ మొదలయ్యేది. పనివాళ్ళ పిల్లలూ, పక్కింటి పిల్లలూ తలలకి నూనెలతో వచ్చి కూర్చునేవాళ్ళు. దాని పేరు నేను రాయను. రాసినా మా ఇంట్లో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. "ఓడల సీరియల్" అంతే.

అది ఇంగ్లీషులో వచ్చేది. మాలో ఎవరికీ ఇంగ్లీషు రాదు. మా కరీం దుబాసీ అయ్యాడు. వాడికీ రాదు, కానీ ధైర్యం ఉంది. తెర మీద హీరో గంభీరంగా నాలుగు మాటలు అనగానే వీడు లేచి నిలబడి, "ఆ నల్ల కోటాయన వీళ్ళ పొలం ఆక్రమించాడంట, గట్టు జరిపాడంట, అందుకని ఈయన కోర్టుకి పోతాడంట" అని చెప్పేవాడు. మేం నమ్మేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత అదే సీరియల్ తెలుగులో విన్నప్పుడు కథ వేరే ఉందని తెలిసి నాకు నిజంగానే దిగులేసింది. కరీం కథే బాగుంది.

దాదీ టీవీకి బాగా దగ్గరగా పీట వేసుకుని కూర్చునేది. ఆమెకి హీరో కథ పట్టేది కాదు. కరీం కోర్టు కేసు చెప్తుంటే ఆమె వేరే మాట్లాడేది.

"అదుగో, మళ్ళా వచ్చాడు చూడు."

"ఎవరు దాదీ?"

"ఆ మూలన పోతన్నాడే, ఒరిగి. వాడు నకరికల్లోడు. పత్తి బోరాలు ఒకపక్కకే ఎక్కువ కట్టాడు. చెప్తే వినడు."

అట్లా మొదలైంది. చదునుగా ఒరిగి వెళ్ళే ఓడ నకరికల్లు బండి. పొట్ట ఉబ్బెత్తుగా ఉండి నెమ్మదిగా కదిలేది పాల బండి. పొడుగ్గా, పెట్టెలు పేర్చినట్టుండేది టిక్కీల బండి. కథలో ఎక్కడో గ్రహాలు పేలిపోతుంటే ఆమె మాత్రం, "పాపం, ఈ టిక్కీల బండోడికి ఇంకా కిరాయి దొరికినట్టు లేదు, పోయినవారం నించీ ఈడనే తిరుగుతన్నాడు" అనేది. ఒకసారి నిజంగానే నకరికల్లు బండి యుద్ధం మధ్యలో చిక్కుకుని పేలిపోయింది. దాదీ ఆ పూట అన్నం సరిగా తినలేదు. తర్వాతి వారమే అది మళ్ళీ మూల నుంచి ఒరుగుతూ వచ్చింది. దాదీ తొడ మీద చరుచుకుని, "చూశారా, బాగుచేయించుకున్నాడు, గట్టోడు!" అంది. నాన్న పగలబడి నవ్వాడు. "అమ్మా, వాళ్ళూ మన పనే చేస్తన్నారు. ఒకటే బాడీ, రంగు మార్చి, ముందుది వెనక్కి తిప్పి మళ్ళా తోలుతన్నారు" అన్నాడు. అప్పటినుంచి నాన్న కూడా హీరోని వదిలేసి దాదీ పక్కన కూర్చుని ఓడలు చూడటం మొదలుపెట్టాడు. ఇద్దరూ తల్లీకొడుకుల్లా కాక రోడ్డు పక్కన టీ తాగుతూ బళ్ళు లెక్కబెట్టే ఇద్దరు డ్రైవర్లలా ఉండేవాళ్ళు. నా బాల్యంలో నాకు బాగా ఇష్టమైన దృశ్యం అదే.

ఇంతలో ఇంట్లో ఇంకోటి జరుగుతోంది. ఒక మధ్యాహ్నం నేను బళ్ళోంచి త్వరగా వచ్చేసరికి దాదీ మంచం మీద నిద్రపోతోంది. అమ్మీ మిషను ముందు కూర్చుని, దాదీ పొద్దున కుట్టిన కర్టెను అంచుని బ్లేడుతో విప్పుతోంది. కుట్టు అంచు మీద నడవాల్సింది, పాము పాకినట్టు గుడ్డ మధ్యలోకి వచ్చి మళ్ళీ బయటికి పోయింది. అమ్మీ నన్ను చూసి కళ్ళతోనే అరవొద్దంది.

"దాదీకి చెప్పమాక. ఆమె కుట్టినట్టే మళ్ళా కుడతా."

"ఎందుకు వంకరైంది?"

"వయసు గదా. శుక్లాలొచ్చుంటయ్. ఈ పని వత్తిడి తగ్గినాక చూపిద్దాం."

అమ్మీ కుట్టు దాదీ కుట్టులాగే ఉండేది. దాదీయే నేర్పింది కాబట్టి. విప్పడం, మళ్ళీ కుట్టడం, దాదీ లేచేలోపు మిషను మీద గుడ్డ యథాతథంగా పెట్టడం, ఇదంతా ఆమె ఎన్నాళ్ళనుంచి చేస్తోందో నాకు తెలియదు. అత్తాకోడళ్ళు పొద్దంతా ఉప్పు దగ్గరా నీళ్ళ దగ్గరా గొడవపడేవాళ్ళు. మధ్యాహ్నం ఆ గంటలో మాత్రం మా అమ్మీ తన అత్త పరువుని దారంతో కుడుతూ కూర్చునేది.

ఒక ఆదివారం సీరియల్‌లో హీరో ఓడ, కథంతా దేనిమీద నడుస్తోందో ఆ పెద్ద ఓడ, తెర మధ్యలో నిలబడి ఉంది. చుట్టూ చిన్న ఓడలు తిరుగుతున్నాయి. చూస్తుండగానే ఆ పెద్ద ఓడ చప్పుడు లేకుండా మాయమైపోయింది. పిల్లలందరం ఒక్కసారి అరిచాం. దాదీ చుట్టూ చూసి, "ఏందిరా, ఎందుకట్టా అరుస్తారు? అందరూ బానే ఉన్నారుగా. పాల బండి ఈ పక్కన, నకరికల్లోడు ఆ మూలన" అంది.

"పెద్ద ఓడ మాయమైంది దాదీ!"

"పెద్ద ఓడా? ఏ పెద్ద ఓడ?"

"మధ్యలో ఉందిగా ఇంతసేపూ!"

"మధ్యలో ఏముంది? ఏం లేదుగా" అంది ఆమె.

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు. లేచి టీవీ కట్టేసి, దాదీ ముందు గొంతుక్కూర్చున్నాడు. అంతకుముందు వారంలో షెడ్డులో చెక్క జారి ఆయన నుదుటికి తగిలింది. కనుబొమ్మ పైన పెద్ద పట్టీ ఉంది.

"అమ్మా, నా మొహం చూడు. ఏం కనిపిస్తంది?"

"నీ మొహం కొత్తగా చూసేదేందిరా? నేను కన్న మొహమేగా."

"చూసి చెప్పమ్మా."

దాదీ చెయ్యి చాచి ఆయన గడ్డం పట్టుకుంది. వేళ్ళు బుగ్గ మీదుగా, కణత మీదుగా పైకి పాకి పట్టీ దగ్గర ఆగాయి. మళ్ళీ ఒకసారి తడిమింది. "ఏందిరా ఇది? ఎప్పుడు తగిలింది? నాకెందుకు చెప్పలేదురా?" అంది. ఆ పట్టీ వేసుకుని ఆయన రోజూ ఆమె ఎదుటే కూర్చుని అన్నం తిన్నాడు. ఆ సంగతి ఆమెకి కూడా అప్పుడే అర్థమైనట్టుంది. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవురి వంక చూసినా మొహం ఉండాల్సిన కాడ పొగ," అంది మెల్లగా. "చుట్టూ బానే కనపడుద్ది. జుట్టు, చెవులు, భుజాలు, అన్నీ. మధ్యలోనే లేదు. సూది కూడా అట్టనే. సూది చుట్టూ ఉన్న గుడ్డంతా కనపడుద్ది."

"ఎన్నాళ్ళ నించీ?"

"మిషను ఎత్తి లోపల పెడతారని చెప్పలేదు" అంది, అడిగినదానికి కాకుండా.

గుంటూరు తీసుకెళ్ళారు. పొద్దున పాసింజరు బస్సులో నాన్న, దాదీ, దాదీ చెయ్యి పట్టుకోడానికి నేను. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా స్కూలు టీచరంత కూడా వయసుండదు. చాలాసేపు లైటు వేసి కళ్ళలోకి చూసింది. శుక్లాలు కావంది. కన్ను లోపల, వెనక ఉండే పొరలో మధ్య భాగం అరిగిపోయిందని, దానికి ఆపరేషన్ లేదని, మందు లేదని నాన్నతో చెప్పింది. నాన్న తల వంచుకున్నాడు. అప్పుడామె నాన్నని వదిలేసి దాదీ వైపు కుర్చీ జరుపుకుంది.

"అమ్మా, మీకు పూర్తిగా చీకటి అవ్వదు. అంచుల చూపు అట్లాగే ఉంటుంది. తిరగొచ్చు, పని చేసుకోవచ్చు. ఒకటి అలవాటు చేసుకోండి. దేన్నయినా చూడాలంటే సూటిగా చూడకండి. కాస్త పక్కకి చూడండి. అప్పుడు అది కనిపిస్తుంది."

దాదీ విని, "బాగుందమ్మా. ముసలితనంలో నాకు దొంగచూపులు నేర్పుతున్నావు" అంది. డాక్టరమ్మ నవ్వింది. నాన్న బయటికి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

తిరిగొచ్చే బస్సులో దాదీ కిటికీ పక్కన కూర్చుంది. పత్తి చేలు దాటుతున్నాయి. చిలకలూరిపేట దాటాక నా చెయ్యి నొక్కింది. "షమీ, సూది పోతే పోయింది. నీ మొహం నేను సరిగ్గా చూసి చానా నాళ్ళయిందే. ఆడపిల్ల మొహం ఈ వయసులోనే మారుద్ది. నీది ఎట్టా మారిందో నాకు తెలవదు" అంది. నేను నా మొహం ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టాను. ముక్కు ఇట్లా ఉంది, బుగ్గ మీద ఒక మచ్చ వచ్చింది అని. ఆమె విని, "నువ్వు చెప్పమాక. నేనే చూస్తాలే" అంది.

ఆ చూడటం ఆమె ఓడల సీరియల్ ముందు కూర్చునే నేర్చుకుంది. నాన్న టీవీ పైన గోడకి క్యాలెండరు తగిలించి, "అమ్మా, దాని వంక చూడు" అనేవాడు. ఆమె క్యాలెండరు వంక చూస్తూ టీవీ చూడాలి. మొదట్లో అలవాటు కొద్దీ కళ్ళు తెర మీదకి దిగిపోయేవి. విసుక్కునేది. పీట ఎత్తి అవతల పెట్టేది. ఇంకో ఆదివారం మళ్ళీ కూర్చునేది. అట్లా కొన్ని వారాలు గడిచాక, ఒక ఆదివారం హీరో కిటికీ దగ్గర నిలబడి ఏదో చెప్తుండగా, దాదీ క్యాలెండరు వంక చూస్తూ గట్టిగా అరిచింది.

"ఒరేయ్ కరీం! వీడేనారా మీ హీరో?"

"అవును దాదీ, కనపడుతున్నాడా?"

"కనపడుతున్నాడు. ఇంత బోడి మొహానికా మీరు ఇన్నాళ్ళూ ఒళ్ళు మరిచి అరిచింది? మన నకరికల్లోడే నయం."

ఆ రోజు ఇంట్లో పండగే. అమ్మీ పొయ్యి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నవ్వింది. దాదీ ఆమె వైపు తిరిగి, కాదు, ఆమె పక్కనున్న తలుపు వైపు తిరిగి, "ఏమే జైనాబీ, నువ్వు చిక్కిపోయావేందే? నా కుట్లు విప్పి మళ్ళా కుట్టేకాడికి నీ పని సరిపోయిందా?" అంది.

"ఎవరు చెప్పారత్తా మీకు?"

"ఎవరో చెప్పేదేంది? నా కుట్టు నా వేలికి తెలవదా? నీది నాకంటే బిగువెక్కువ. ఇక దాచేది లేదులే. మిషను నువ్వు తొక్కు. కుచ్చులు నాకొదిలెయ్యి. వాటికి కళ్ళతో పని లేదు."

ఆ తర్వాత మా లారీల కర్టెన్లు అమ్మీవి, కుచ్చులు దాదీవి. డ్రైవర్లకి తేడా తెలియలేదు. తెలిసినా అడగలేదు.

నరసరావుపేటలో అందరూ ఇంత మంచిగా ఉన్నారని కాదు. పక్కకి చూస్తేనే ఆమెకి ఎదుటి మనిషి కనపడతాడని బయటివాళ్ళకి తెలియదు. కలప అమ్మే షావుకారు ఒకాయన, "మీ అమ్మకి గర్వం ఎక్కువైంది, పలకరిస్తే గోడ వంక చూస్తంది" అని నాన్నతో తగువు పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళలో బంధువులు నొచ్చుకునేవాళ్ళు. నాన్న మొదట్లో అందరికీ విడమరిచి చెప్పేవాడు. దాదీయే వద్దంది. "కళ్ళు పోయిన ముసల్ది అని జాలిపడే దానికంటే పొగరుబోతు ముసల్ది అనుకోనీరా, నాకు మర్యాదగా ఉంటది" అంది.

ఇవన్నీ విన్నాక సానియా చాలాసేపు ఆ ఒరిగిన ఓడ బొమ్మనే చూస్తూ కూర్చుంది. తర్వాత ఆ సీరియల్‌లో ఇప్పుడొస్తున్న కొత్త భాగం పెట్టింది. రంగులు కళ్ళు చెదిరేట్టున్నాయి. వెనకాల వందల ఓడలు, కంప్యూటరులో చేసినవి. వాటిలో దేన్నీ నేను గుర్తుపట్టలేకపోయాను. అప్పట్లో వాళ్ళ దగ్గర బొమ్మ ఓడలు తక్కువ కాబట్టి వాటినే మళ్ళీ మళ్ళీ తోలారు. అందుకే అవి మాకు చుట్టాలయ్యాయి. మా నాన్న షెడ్డు కూడా ఇప్పుడు లేదు. లారీలు ఇప్పుడు ఫ్యాక్టరీలోనే ఇనప క్యాబిన్లతో తయారై వస్తున్నాయి, కర్టెన్లు కుట్టేవాళ్ళ కోసం ఎవరూ ఆగరు. పాత రోజులే మంచివని అనడానికి మాత్రం నాకు నోరు రాదు. దాదీకి వచ్చిన జబ్బులో ఒక రకానికి ఇప్పుడు ఇంజక్షన్లున్నాయి. వంశంలో ఉంది కాబట్టి నేను ఏడాదికోసారి నరసరావుపేట వెళ్ళి పరీక్ష చేయించుకుంటాను. అప్పుడు గుంటూరులో లేనిది ఇప్పుడు పేటలోనే ఉంది. కళ్ళు చూసే మిషను మీద గడ్డం ఆనించి కూర్చుంటే క్షణంలో కన్ను లోపలి బొమ్మ తీసి, "బాగుందమ్మా" అని పంపేస్తారు. ఆ మాట దాదీతో ఎవరైనా అనుంటే ఎంత బాగుండేది అనుకుంటూ మెట్లు దిగుతాను. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. చివరి వరకూ తన పళ్ళెంలో అన్నం తనే కలుపుకుంది, కుచ్చులు తనే ముడివేసింది.

సానియాకి చెప్పనిది ఒకటుంది. అది నా పెళ్ళినాటిది. మాచర్ల వాళ్ళు బస్సు కట్టించుకుని వచ్చారు. నిఖా అయింది, భోజనాలయ్యాయి, నన్ను పంపించే వేళయింది. షెడ్డు ముందు రేకుల చూరు కింద మా వాళ్ళంతా నిలబడ్డారు. అమ్మీ ఏడుస్తోంది. కరీం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బస్సు మీదకి ఎక్కి సామాన్లు కట్టినవే మళ్ళీ కడుతున్నాడు. నేను దాదీ ముందుకి వెళ్ళి నిలబడ్డాను. మేలిముసుగు పైకి తీశాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, మొహం పక్కకి తిప్పేసుకుంది. నా ఎడమ పక్కనున్న చూరు గుంజ వైపు చూస్తూ ఉండిపోయింది.

మా అత్తగారి తరఫు పెద్దావిడ ఒకావిడ అందరికీ వినపడేట్టే అంది. "ఏంది, పిల్లని పంపేటప్పుడు కూడా మొహం తిప్పుకుంటదా ఈమె?"

నాన్న ఏదో చెప్పబోయాడు. దాదీ రెండో చెయ్యి ఎత్తి ఆయన్ని ఆపింది. కళ్ళు గుంజ మీద నుంచి తియ్యలేదు.

"కదలమాకే," అంది నాతో, ఎవరికీ వినపడనంత నెమ్మదిగా. "కాసేపు అట్టనే ఉండు."

పెళ్ళివారి బస్సు హారన్ కొట్టింది. నేను కదల్లేదు. ఆమె చూసినంతసేపూ నిలబడ్డాను.